యూరప్ వీధుల్లో క్యాండిడ్ ఫోటోలు: ఏ లెన్స్, ఏ కెమెరా, ఏ ఊరు?

రోమ్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు నా భుజాన 70-200 జూమ్ లెన్స్ ఉంది. దాదాపు కిలోన్నర బరువు. వారం తర్వాత ఇంటికొచ్చి ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని చూస్తే, అన్నీ ఒకే అచ్చు. ఒక ముఖం, దాని వెనక మసక. ఆ ముఖం రోమ్‌లోని పాత పేట ట్రాస్టెవెరె సందులో తీసిందో అబిడ్స్‌లో తీసిందో చెప్పడానికి ఫ్రేములో ఒక్క ఆధారం లేదు. అంత ఖర్చుపెట్టి విమానమెక్కి వెళ్లి, ఫోటోలోంచి ఊరినే తీసిపారేసి వచ్చాను.

అందుకే ఇప్పుడెవరైనా "యూరప్ వెళ్తున్నాం, వీధిలో పోజు లేని క్యాండిడ్ ఫోటోలకు ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగితే బడ్జెట్ సంగతి ఎత్తను. ముక్కూమొహం తెలియని మనిషికి ఎన్ని అడుగుల దూరంలో నిలబడి మీరు కెమెరా ఎత్తగలరు అని అడుగుతాను. ఆరడుగులా, పన్నెండా, నలభయ్యా? దీనికి దాపరికం లేకుండా జవాబు చెప్పుకుంటే లెన్స్ తేలిపోతుంది. లెన్స్ తేలితే కెమెరా తేలుతుంది. ఏ ఊళ్లో ఎక్కువ రోజులు ఉండాలో కూడా కొంతవరకు తేలుతుంది.

అడుగుల లెక్క

అయిదున్నర అడుగుల మనిషి అడ్డంగా పట్టుకున్న ఫ్రేములో తల నుంచి పాదం దాకా నిండాలంటే 28 ఎంఎం లెన్స్‌తో సుమారు ఆరున్నర అడుగుల దూరంలో ఉండాలి (ఎంఎం అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత వెడల్పుగా చూస్తుంది). 35 ఎంఎంతో ఎనిమిది అడుగులు. 50తో పదకొండూ పన్నెండూ మధ్య. నా రోమ్ లెన్స్‌ను 200 దగ్గర పెడితే నలభై అయిదు అడుగుల పైమాటే.

ఆరున్నర అడుగులంటే అవతలి మనిషి ఫోన్లో ఎవరితో గొడవపడుతున్నాడో వినిపించే దూరం. కోఠిలోనో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో అంత దగ్గర్లో పదిమంది రాసుకుపోతుంటారు, ఎవరికీ పట్టదు. బెర్లిన్ కాలిబాట మీద మనిషికీ మనిషికీ మధ్య ఉండే ఎడమే అంతకంటే ఎక్కువ. అక్కడ ఆరడుగుల్లోకి వచ్చారంటే ఏదో పనిమీద వచ్చారనే అర్థం. నేపుల్స్ సందుల్లో మాత్రం మనూరి లెక్కే నడుస్తుంది.

ఫోకస్ సంగతి కూడా ఈ దూరంతోనే ముడిపడి ఉంది. వీధిలో ఒక ముఖకవళిక అరసెకను కూడా ఉండదు, కెమెరా వెతుక్కుని ఫోకస్ పట్టేలోపు పోతుంది. దానికి పాతకాలం ఉపాయం ఒకటుంది. ఫోకస్‌ను ముందే ఒక దూరానికి కట్టేసి, ఆ దూరంలోకి మనిషి వచ్చేదాకా ఆగడం. పాత ఫిల్మ్ సైజులో ఉండే సెన్సర్‌ను ఫుల్‌ఫ్రేమ్ అంటారు, పైన చెప్పిన అడుగుల లెక్క దానిదే. అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ మీద 28కి సమానమైన లెన్స్‌ను, అంటే 28 చూపించినంత వెడల్పే చూపించేదాన్ని, ఎఫ్/8లో పెట్టి (లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి) రెండున్నర మీటర్లకు కడితే, సుమారు 1.2 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ అనే మాటే మర్చిపోవచ్చు. 35కి సమానమైన లెన్స్‌తో అదే పని చేస్తే మీటరున్నర నుంచి తొమ్మిది మీటర్ల దాకా వస్తుంది, అదీ చాలు. ఫుల్‌ఫ్రేమ్ మీద 50 ఎంఎంను మూడు మీటర్లకు కడితే మాత్రం చేతికి దొరికేది 2.3 నుంచి 4.2 మీటర్ల మధ్య చిన్న పట్టీ. దానికి గురి బాగా కుదరాలి, లేదంటే ఆటోఫోకస్‌ను నమ్ముకోవాలి.

వీధి ఫోటోలకు పేరుపడ్డ ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ జీవితమంతా ఎక్కువగా 50తోనే తీశాడు కదా అంటారు. తీశాడు. కానీ ఆయన ఏళ్ల తరబడి రోజూ అదే పని చేసిన మనిషి. మనం పది రోజుల వీసా మీద, పక్కన ఆకలేస్తోందంటున్న పిల్లలతో వెళ్తున్నవాళ్లం. తొలి ప్రయాణానికి నా ఓటు 35కే. 28 అంటే మరీ ముఖం మీదికి వెళ్లాలి. అలా వెళ్లలేక దూరం నుంచి తీస్తే ఫ్రేములో సగం ఖాళీ రోడ్డే ఉంటుంది. 50తో ఊరు కొంచెం కొంచెంగా జారిపోతుంది. బిడియం బాగా ఎక్కువని మీకే తెలిస్తే మాత్రం మొహమాటపడకుండా 50 పట్టుకెళ్లండి. తీయని 28 ఫోటో కంటే తీసిన 50 ఫోటో నయం.

చేతిలో ఏది ఉండాలి

ఫోన్‌ను తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు పడదు. ఐఫెల్ టవర్ కింద అందరి చేతుల్లోనూ అదే ఉంటుంది కాబట్టి మీ చేతిలోది ఎవరి కంటా పడదు. దానికంటే పెద్ద వేషం ఏముంది? చిక్కు రెండుచోట్ల ఉంది. మొదటిది, ఫోన్ల మెయిన్ లెన్స్ చాలావాటిలో 24-26 ఎంఎంకు సమానం. అంటే 28 కంటే ఇంకా దగ్గరికి వెళ్లాలి. రెండోది, సాయంత్రం కాగానే ఫోన్ తనంతట తాను షట్టర్ వేగం తగ్గించేస్తుంది, నడిచే మనిషి కాళ్లు అలికినట్టు వస్తాయి. షట్టర్ వేగాన్ని మనమే పెట్టుకునే ప్రో మోడ్ ఉంటే 1/250 సెకను దగ్గర బిగించేయండి, లేకపోతే ఆ సదుపాయం ఉన్న యాప్ ఒకటి వేసుకోండి. తెరను తాకడం కంటే వాల్యూమ్ బటన్ నొక్కితే చెయ్యి కదలదు. లండన్‌లో రోడ్డంచున నిలబడి ఫోన్ చాచకండి. సైకిళ్ల మీద, స్కూటర్ల మీద వచ్చి లాక్కుపోవడం అక్కడ మామూలైంది. మణికట్టుకు చిన్న తాడు కట్టుకోవడం మేలు.

రికో జీఆర్ 3 (2019) 28కి సమానం, జీఆర్ 3ఎక్స్ (2021) 40కి సమానం. బ్యాటరీతో కలిపి పావుకిలో చిల్లర, చొక్కా జేబులో పడుతుంది. నేను పైన చెప్పిన 'ఫోకస్ కట్టేయడం' అనేదాన్ని ఈ కెమెరా స్నాప్ ఫోకస్ అన్న పేరుతో లోపలే అమర్చి ఇచ్చింది. ఒక మీటరు, మీటరున్నర, రెండు, రెండున్నర అలా ఎంచుకుని పెట్టుకోవడమే. జేబులోంచి తీసి ఫోటో కొట్టడానికి ఒక సెకను పట్టదు. కానీ కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు, ఎండలో తెర సరిగా కనపడదు. వానకు, దుమ్ముకు రక్షణ లేదు. ఒక్క చార్జింగ్‌కు దాదాపు 200 ఫోటోలే. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే బ్యాటరీ చేతులెత్తేస్తుంది, కనీసం రెండు అదనంగా ఉండాలి. దగ్గరికి వెళ్లగలిగే ధైర్యం, నడిచే ఓపిక ఉన్న ఒంటరి ప్రయాణికుడికి దీన్ని మించింది లేదు.

ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 వీఐ (2024) తీరు వేరు. 35కి సమానమైన ఎఫ్/2 లెన్స్, 40 మెగాపిక్సెళ్లు, అరకిలో పైన కొంచెం బరువు. లెన్స్‌లోనే ఉండే లీఫ్ షట్టర్ చప్పుడు పక్కన నిలబడ్డవాళ్లకు కూడా వినిపించదు. నాకు ఇందులో బాగా నచ్చేది ఆప్టికల్ వ్యూఫైండర్. కిటికీలోంచి చూసినట్టు ఫ్రేము గీతల బయట ఉన్నది కూడా కనిపిస్తుంది, మూలనుంచి గొడుగుతో వస్తున్న మనిషి ఫ్రేములో అడుగు పెట్టకముందే తెలిసిపోతుంది. పైగా చూడటానికి పాత ఫిల్మ్ కెమెరాలా ఉంటుంది. వీధిలో జనం దాన్ని చూసి బెదరరు, ముసలివాళ్లయితే ఆగి "ఇది ఏ కాలంది?" అన్నట్టు నవ్వుతారు. ధర మాత్రం మన దేశంలో లక్షన్నర పైమాటే. ఇద్దరి విమాన టికెట్లంత. కొనే స్తోమత ఉండి, ఒకే కెమెరాతో కుటుంబం ఫోటోలూ వీధి ఫోటోలూ రెండూ కానివ్వాలంటే ఇదే కొనండి.

ఇంట్లో ఇప్పటికే లెన్సులు మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవాళ్లు కొత్త కెమెరా కొనొద్దు. 24-70 ఎఫ్/2.8 లాంటి పెద్ద జూమ్ లెన్స్‌ను ఇంట్లో వదిలేసి, జూమ్ లేని చిన్న ప్రైమ్ లెన్స్ ఒకటి తీసుకుంటే సరి. నికాన్ 40 ఎంఎం ఎఫ్/2 170 గ్రాములే, కానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఇంకో పది గ్రాములు తక్కువ, సోనీ 35 ఎంఎం ఎఫ్/1.8 280 గ్రాములు. కెమెరా సగానికి చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. సైలెంట్ షట్టర్ వేసుకోండి, ఫోకస్ పట్టినప్పుడు వచ్చే బీప్ ఆపండి. ఆ బీప్ అన్నిటికంటే పెద్ద చాడీకోరు.

జర్మన్ కెమెరా లైకా గురించి కూడా అడుగుతారు. చిన్న కెమెరాతో వీధిలోకి దిగడం అన్నది 1925లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో ఆ కెమెరా బయటికి వచ్చాకే ఊపందుకుంది, ఆ గౌరవం దానికి ఎప్పుడూ ఉంటుంది. కానీ కార్టియే-బ్రెసాన్ తన లైకా మెరుపు కనపడకూడదని నల్ల టేపు చుట్టుకుని తిరిగాడు. ఇప్పుడు దాని మీది ఎర్ర బొట్టు గుర్తు కనపడాలని కొనేవాళ్లే ఎక్కువ.

పట్టుకోవడమా, కాపు కాయడమా, అడగడమా

క్యాండిడ్ అనగానే చాటుగా కొట్టేయడం అనుకుంటారు. అది ఒక పద్ధతి మాత్రమే, అదీ అన్నిటికంటే తక్కువ ఫలితం ఇచ్చేది. నడుస్తూ ఎదురొచ్చినదాన్ని పట్టుకుంటే వందకు రెండు మిగులుతాయి. ఎదుటివాళ్ల ముఖంలో కూడా చాలాసార్లు ఆ క్షణపు ఉలికిపాటే పడుతుంది.

నేను ఇప్పుడు ఎక్కువగా చేసేది కాపు కాయడం. మంచి వెలుతురు పడే గోడో, మెట్ల దారో, ట్రామ్ మలుపో చూసుకుని ముందు నేపథ్యం సర్దుకుంటాను. తర్వాత అక్కడే నిలబడి, ఆ వేదిక మీదికి ఎవరు వస్తారా అని చూస్తాను. మన వీధినాటకంలో తెర కట్టాక పాత్ర కోసం చూసినట్టే. ఇందులో సుఖం ఏమిటంటే, మీరు ముందే అక్కడ ఉన్నారు, వాళ్లే వచ్చారు. కెమెరా ఎత్తి ఉన్నా వెనకున్న భవనాన్ని తీస్తున్నారనుకుని వాళ్ల దారిన వాళ్లు పోతారు. బిడియస్తులకు ఇంతకంటే మంచి మార్గం లేదు. కానీ అరగంట ఒకేచోట నిలబడాలి. కుటుంబంతో వెళ్లినప్పుడు ఆ అరగంట సంపాదించాలంటే, వేదిక ఎదురుగా జెలాటో (ఇటలీ ఐస్‌క్రీమ్) కొట్టు ఉన్న చోటు చూసుకోవడం తప్ప నాకు వేరే ఉపాయం దొరకలేదు.

అడగడం మూడోది. అడిగితే క్యాండిడ్ ఎలా అవుతుంది అంటారు. పారిస్ సిటీ హాల్ ముందు ఒక జంట ముద్దుపెట్టుకుంటున్న ఆ ప్రఖ్యాత ఫోటో ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ రొబేర్ ద్వానో 1950లో తీశాడు. దశాబ్దాల పాటు లోకమంతా దాన్ని దారినపోయే జంట అనే అనుకుంది. 1990ల్లో వేరే దంపతులు అది మా ఫోటోనే అని కోర్టుకెక్కాక, నటన నేర్చుకుంటున్న ఇద్దరిని అడిగి మరీ అలా నిలబెట్టానని ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. నాకు అది చదివాక ఆ ఫోటో మీద ఇష్టం కొంత తగ్గిన మాట నిజమే. కానీ అడిగి తీసినది తప్పక చెక్కబొమ్మలా వస్తుందన్న భయం మాత్రం పోయింది. నా పద్ధతి ఇది: నేపుల్స్‌లో చేపల బేరగాడి దగ్గర కెమెరా చూపించి "పోస్సో?" అంటాను. తీయొచ్చా అని. వాడు ఛాతీ విరుచుకుని నిలబడతాడు. ఆ ఫోటో ఒకటి తీసి థ్యాంక్స్ చెప్పి, అక్కడే తచ్చాడతాను. రెండు నిమిషాల్లో నన్ను మర్చిపోయి మళ్లీ అరవడం మొదలుపెడతాడు. నాకు కావలసింది ఆ రెండో ఫోటో.

పిల్లలు ఒక్కరే ఉంటే తీయను. రోడ్డు పక్కన పడుకున్నవాళ్లను, తాగి పడిపోయినవాళ్లను తీయను. వాళ్ల కష్టం మన ఆల్బమ్‌కు అలంకారం కాదు.

ఏ ఊళ్లో ఏది చెల్లుతుంది

చట్టం గురించి చాలామంది "పబ్లిక్ ప్లేసే కదా" అని కొట్టిపారేస్తారు. ఆ మాట లండన్‌లో దాదాపు నిజం. బ్రిటన్‌లో బహిరంగ స్థలంలో మనుషుల్ని ఫోటో తీయడానికి అనుమతి అక్కర్లేదు. కాకపోతే కనేరీ వార్ఫ్ లాంటి చోట్లు చూడటానికి వీధిలా ఉన్నా ప్రైవేటు స్థలాలు, సెక్యూరిటీవాళ్లు వచ్చి ఆపగలరు. ఆదివారం బ్రిక్ లేన్, శనివారం పోర్టబెల్లో రోడ్డు చూసుకోండి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్‌హామ్‌లో మాత్రం నాకు క్యాండిడ్ ఎప్పుడూ కుదరలేదు. కెమెరా ఎత్తేలోపే "ఏ ఊరండీ మనది?" అని పలకరిస్తారు.

జర్మనీలో ఆట వేరు. 1898లో ఆ దేశపు మాజీ చాన్సలర్ బిస్మార్క్ చనిపోయినప్పుడు ఇద్దరు ఫోటోగ్రాఫర్లు రాత్రిపూట ఆయన గదిలో దూరి శవాన్ని ఫోటో తీశారు. ఆ గొడవ తర్వాత 1907లో వచ్చిన చట్టం ఇప్పటికీ నడుస్తోంది. దాని ప్రకారం మనిషి బొమ్మను ఆయన అనుమతి లేకుండా ప్రచురించకూడదు, ఇన్‌స్టాలో పెట్టడం కూడా అందులోకే వస్తుంది. జనసమూహం, దృశ్యంలో ఒక మూలన ఉన్న మనిషి, కళాప్రయోజనం ఉన్నవి మినహాయింపులు. వీధి ఫోటోగ్రఫీ కూడా కళే అని ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం 2018లో గుర్తించింది, అయినా ఆ కేసులో నెగ్గింది ఫోటోలో ఉన్న మహిళే. ఒక ఆదివారం బెర్లిన్ పాతసామాన్ల సంతలో ఒకాయన నా దగ్గరికి వచ్చి అరవకుండా, నవ్వకుండా, "తీసేయండి" అన్నాడు. ఆయన ఎదురుగానే డిలీట్ చేసి చూపించాను. వాదించలేదు. వాదించి గెలిచినా ఆ ఫోటో చూసినప్పుడల్లా ఆ ముఖమే గుర్తొస్తుంది.

హంగరీ ఇంకో మెట్టు పైన ఉంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్ ప్రకారం ప్రచురించడానికే కాదు, తీయడానికి కూడా ఎదుటివాళ్ల సమ్మతి కావాలి, జనసమూహాలు మినహా. కెర్తేశ్, బ్రస్సాయ్, కాపా, ముంకాచీ లాంటి ఫోటోగ్రాఫర్లను లోకానికి ఇచ్చిన దేశంలో ఇదీ పరిస్థితి. బుడాపెస్ట్ వెళ్తే ముఖాలు వదిలేయండి. డాన్యూబ్ ఒడ్డున నడిచే రెండో నంబరు ట్రామ్‌లో ఎదురెండలో నల్లటి ఆకారాలు, నీడలు, వీపులు, చేతులు తీయండి. ఎలాగూ ఆ ఊరికి అవే నప్పుతాయి.

ఫ్రాన్స్ మధ్యలో ఉంటుంది. తీయడం దగ్గర పేచీ తక్కువ, గుర్తుపట్టేలా ఉన్న ముఖాన్ని అనుమతి లేకుండా, ముఖ్యంగా ఆ మనిషి పరువు పోయేలా ప్రచురిస్తే సివిల్ కోడ్ 9వ అధికరణం మీదికి వస్తుంది. పారిస్‌లో షాంజ్ ఎలీజే కంటే బుధ, శనివారాల పొద్దున మెట్రో వంతెన కింద జరిగే బార్బెస్ సంత నయం. గార్ దు నోర్ స్టేషన్ వెనక ఉన్న తమిళ పేటలో ఆగస్టు చివర వినాయకుడి రథం ఊరేగుతుంది. ఆ రోజు కెమెరాను ఎవరూ వేలెత్తి చూపరు. కొబ్బరికాయలు కొట్టే చప్పుడు మధ్య ఫ్రెంచి బామ్మలు బాల్కనీల్లోంచి తొంగిచూస్తుంటారు.

ఒక్క ఊరే ఎంచుకోమంటే నేను లిస్బన్ అంటాను, కారణం వెలుతురు. అక్కడి కాలిబాటలన్నీ తెల్ల సున్నపురాతి ముక్కలతో పరిచినవి. ఎండ వాటి మీద పడి కిందినుంచి ముఖాల మీదికి తిరిగి కొడుతుంది. స్టూడియోలో రిఫ్లెక్టర్ పట్టినట్టు, టోపీ నీడలో ఉన్న కళ్లు కూడా కనిపిస్తాయి. ఊరంతా గుట్టలు, మెట్లు, అంటే అడుగడుగునా కాపు కాయడానికి వేదికలు. అల్ఫామా, గ్రాసా పేటల్లో ముసలమ్మలు కిటికీలకు ఆనుకుని రోజంతా వీధిని చూస్తుంటారు, మీరు వాళ్లను చూస్తున్నారని వాళ్లకే ముందు తెలుస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి. పోర్చుగల్‌లో వద్దన్నా తీయడం నేరం కిందికి వస్తుంది. చెయ్యి అడ్డంగా ఊపితే కెమెరా దించేయాలి. 28వ నంబరు ట్రామ్‌లో ఫోటో కంటే ముందు జేబు చూసుకోండి.

ఏ నెలలో వెళ్లాలన్నదానికీ ఎండే జవాబు చెబుతుంది. డిసెంబరు చివర పారిస్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 18 డిగ్రీల కంటే పైకి రాడు, లిస్బన్‌లో 28, అదే రోజు హైదరాబాద్‌లో 49. మన దగ్గర పదింటికల్లా ముఖాల మీద కంటిగుంటలు నల్లబడి ఫోటోలు చెడతాయి కాబట్టి కెమెరా లోపల పెట్టేస్తాం. అక్కడ శీతాకాలంలో ఎండ వచ్చిందంటే రోజంతా పక్కవాటు వెలుతురే, నీడలు వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగుతాయి. అసలు ఎండ వస్తుందా అన్నదే పేచీ. వారం మబ్బు పట్టినా పట్టొచ్చు, లండన్‌లో సాయంత్రం నాలుగుకే చీకటి. జూన్‌లో పారిస్ సూర్యుడు రాత్రి పదింటికి దగ్గర్లో అస్తమిస్తాడు, సాయంత్రపు బంగారు వెలుతురు భోజనం అయ్యాక కూడా మిగిలే ఉంటుంది, కానీ ఊరినిండా మనలాంటి టూరిస్టులే. నేను రెండూ చూశాక అక్టోబరు మీద స్థిరపడ్డాను.

ప్యాకేజీ టూరులో వెళ్లేవాళ్లకు ఇవేవీ ఎంచుకునే వీలుండదు, ఊర్లూ తేదీలూ వాళ్లే ఇస్తారు. వాళ్లకు మిగిలేది పొద్దున్నే. బస్సు ఎనిమిదింటికి అంటే ఆరింటికి లేచి హోటల్ చుట్టూ నాలుగు వీధులు తిరిగి రండి. జేబులో ఫోన్ చాలు. బ్రెడ్డు కొట్టు ముందు క్యూ, వీధులు కడిగే మనుషులు, కుర్చీలు బయట వేస్తున్న కెఫే కుర్రాడు, బడికి పరిగెత్తే తండ్రీకూతుళ్ల వీపులు. ఆ టైములో అక్కడున్న టూరిస్టు మీరొక్కరే.